గోరువెచ్చని నీళ్లకు మందు ఏది: కొత్త గీజరా, నాన్ రిటర్న్ వాల్వా?

డిసెంబరులో ఒక ఆదివారం మా బాత్రూంలో పాత కుళాయిలు రెండూ తీసేసి వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపి ఇచ్చే వాల్ మిక్సర్ నేనే బిగించాను. దానికి హ్యాండ్ షవర్ కూడా ఉంది. ఎక్కడా చుక్క కారలేదు, చాలా సంతోషపడ్డాను. మర్నాడు పొద్దున అమ్మ తన బాత్రూంలోంచి కేకేసింది. "ఏంట్రా, ఇవాళ నీళ్లు కాగలేదు?" చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉన్నాయి.

మా ఇంట్లో గీజర్ ఒకటే, 15 లీటర్లది. పక్కపక్కనే ఉన్న రెండు బాత్రూంలకూ వేడినీళ్ల లైను దాని నుంచే వెళ్తుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చలికాలంలో పొద్దున్నే ఆ రెండు చెంబుల వేడినీళ్లు పడితే గానీ ఆవిడ నడక సాగదు. అందుకే నాకు టెన్షన్ పట్టుకుంది.

నీళ్లు కాచే ఎలిమెంట్ పోయి ఉంటుందని ఒకరన్నారు. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ అని ఇంకొకరు. షాపుకు వెళ్తే 25 లీటర్ల కొత్త గీజర్ చూపించారు. కొనేసేవాడినే. కానీ ఒక్క విషయం మనసులో కుదరలేదు. శనివారం దాకా పొగలు వచ్చే నీళ్లిచ్చిన గీజర్, నేను కుళాయి మార్చిన రోజే చెడిపోవడమేంటి? బోరు నీళ్ల సున్నం ఎలిమెంట్‌కు నెలల తరబడి పడుతుంది. దానివల్ల నీళ్లు కాగడం రోజురోజుకీ ఆలస్యమవుతుంది తప్ప రాత్రికి రాత్రి మారిపోదు. పని చేసిన మర్నాడే తేడా వచ్చిందంటే ముందు చూడాల్సింది మనం చెయ్యి పెట్టిన చోటే.

ఇంటికొచ్చి ఒక పరీక్ష చేశాను. రూపాయి ఖర్చు లేదు. గీజర్ స్విచ్ ఆపేసి, దానికి చన్నీళ్లు వెళ్లే యాంగిల్ కాక్ (గోడ దగ్గర పైపుకుండే చిన్న కుళాయి) పూర్తిగా కట్టేశాను. అమ్మ బాత్రూంలో వేడినీళ్ల కుళాయి తిప్పాను. గీజర్‌లోకి నీళ్లే వెళ్లనప్పుడు కాసేపటికి ధార ఆగిపోవాలి. ఆగలేదు, పైగా చల్లగా వస్తోంది. అంటే వేడినీళ్ల పైపులోకి చన్నీళ్లు ఇంకెక్కడి నుంచో దూరుతున్నాయి.

ఆ దారి నా కొత్త మిక్సర్‌లోనే ఉంది. హ్యాండ్ షవర్ పిడికి నీళ్లు ఆపే బటన్ ఉంది. స్నానం అయ్యాక నేను ఆ బటన్ నొక్కి వదిలేస్తున్నాను, మిక్సర్ నాబ్‌లు రెండూ తెరిచే ఉంటున్నాయి. బయటికి దారి లేకపోయినా లోపల వేడి లైను, చల్లని లైను కలిసిపోయే ఉన్నాయి. అమ్మ వేడి కుళాయి తిప్పగానే గీజర్ నుంచి కొంత, నా మిక్సర్ మీదుగా చన్నీళ్లు కొంత వెళ్తున్నాయి. నాబ్‌లు కట్టేసి మళ్లీ అదే పరీక్ష చేస్తే ధార ఆగింది. గీజర్‌లో ఏ లోపమూ లేదు.

ఇప్పుడు ఏది మేలు అన్న ప్రశ్న. అన్నిటికంటే చవక, నాబ్‌లు కట్టేసే అలవాటు. ఇంట్లో ఇద్దరే ఉంటే ఇది చాలు. పిల్లలున్నా, చుట్టాలు వచ్చిపోతున్నా, అద్దెకిచ్చిన ఇల్లయినా అలవాటు మీద ఆధారపడలేం. ఎవరో ఒకరు మరిచిపోతారు, పక్క బాత్రూంలో ఉన్నవాళ్లు చలికి వణుకుతారు.

అలాంటి ఇంటికి నాన్ రిటర్న్ వాల్వ్ మంచిది. నీళ్లను ఒకవైపే పోనిచ్చే చిన్న వాల్వ్ అది. ఖర్చు వందల్లోనే అయిపోతుంది, కొత్త గీజర్‌కైతే వేలు పెట్టాలి. ఎక్కడ బిగించాలన్నది మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. చన్నీళ్లు వేడి లైనులోకి పోకుండా ఆపాలంటే అది మిక్సర్‌కు వేడినీళ్లు వచ్చే వైపు ఉండాలి, వాల్వ్ మీది బాణం గుర్తు మిక్సర్ వైపు చూడాలి. చన్నీళ్ల వైపు పెడితే వేడినీళ్లు చల్లని లైనులోకి పోకుండా ఆగుతాయి గానీ మా ఇంటి సమస్య తీరదు. రెండు వైపులా పెట్టుకుంటే ఇంకా మంచిదే.

ఈ వాల్వ్‌తో ఒక ఇబ్బంది ఉంది. స్ప్రింగ్ ఉన్న వాల్వ్ తెరుచుకోవడానికి కొంత ప్రెషర్ కావాలి. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లకు దాదాపు ఒక బార్ ప్రెషర్ ఉంటుంది. కింది అంతస్తుల వాళ్లకు బెంగ లేదు. ఓవర్‌హెడ్ ట్యాంకుకు సరిగ్గా కిందుండే పై అంతస్తులో షవర్ నుంచి ట్యాంకుకు రెండు మూడు మీటర్లే ఉంటుంది, అసలే సన్నగా వచ్చే ధార ఇంకా సన్నబడుతుంది. వాళ్లు బటన్ లేని హ్యాండ్ షవర్ మార్చుకోవడం మేలు. నీళ్లు ఆపాలంటే నాబ్ కట్టక తప్పదు కాబట్టి స్నానం అయ్యాక రెండు లైన్లూ కలిసి ఉండే సందర్భమే రాదు. మాది రెండో అంతస్తు, పైన ఇంకా మూడున్నాయి. అందుకే నేను వాల్వ్ వైపే మొగ్గాను.

పరీక్షలో ధార ఆగిపోయినా నీళ్లు గోరువెచ్చగానే వస్తుంటే వేరే చోట వెతకాలి. గీజర్ దించి మళ్లీ ఎక్కించినవాళ్లు ముందు ఇన్‌లెట్, ఔట్‌లెట్ తారుమారయ్యాయేమో చూడండి. మామూలుగా నీలం రింగు చన్నీళ్లకు, ఎరుపు రింగు వేడినీళ్లకు. నిలువు గీజర్‌లో చన్నీళ్లు అడుగున చేరి, పైకి తేలిన వేడినీళ్లు లోపలి పొడుగు గొట్టం గుండా బయటికొస్తాయి. పైపులు మారితే చన్నీళ్లు పైన పడి వేడినీళ్లను చల్లారుస్తాయి, అడుగున ఉన్న చల్లని నీళ్లు కుళాయికి వస్తాయి. ఇది కాకపోతే పైపు అతుకులకు చుట్టే టెఫ్లాన్ టేపు ముక్క వేడినీళ్ల వైపు అడ్డం పడి ఉండొచ్చు, యాంగిల్ కాక్ సగమే తెరిచి ఉండొచ్చు.

ఇవన్నీ చూశాక కూడా తేడా లేకపోతే అప్పుడు గీజర్ మీద అనుమానపడొచ్చు. దాని మూత మాత్రం మీరు విప్పకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. నీళ్లూ కరెంటూ ఒకేచోట ఉన్న పెట్టె అది. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో కూడా అప్పుడే చూపించుకోండి.

పెద్ద గీజర్ నిజంగా అవసరమయ్యే ఇళ్లూ ఉన్నాయి. 25 డిగ్రీల నీళ్లను 60కి కాచే 15 లీటర్ల గీజర్, చన్నీళ్లు కలుపుకుంటే 40 డిగ్రీల నీళ్లు లెక్క ప్రకారం 35 లీటర్ల దాకా ఇస్తుంది, అసలులో కొంచెం తక్కువ. బకెట్ స్నానానికి అది ఒకరికి నిండుగా సరిపోతుంది. అదే నిమిషానికి పది లీటర్లు పోసే పెద్ద షవర్ కింద మూడున్నర నిమిషాల్లో అయిపోతుంది. బకెట్ మానేసి షవర్‌కు మారిన ఇంట్లో మొదట వేడిగా వచ్చి తర్వాత చల్లబడుతుంటే తప్పు పైపులది కాదు, 25 లీటర్లదే కొనుక్కోండి. 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్‌కు పెద్ద షవర్ అసలు తగిలించకండి. 3 కిలోవాట్ల ఎలిమెంట్ నిమిషానికి పది లీటర్ల నీళ్లను నాలుగైదు డిగ్రీలకు మించి వేడి చెయ్యలేదు.

అమ్మది బకెట్ స్నానమే. మా 15 లీటర్ల గీజర్‌నే ఉంచుకున్నాం, వాల్వ్ బిగించిన మర్నాడు ఆవిడ బకెట్‌లో మళ్లీ చన్నీళ్లు తొరుపుకోవాల్సి వచ్చింది.