పాతబస్తీలో ఒక్క పగలు: సాలార్‌జంగ్ మేలా, చౌమహల్లా మేలా?

తెల్లవారుజామున ఇమ్లీబన్ బస్టాండులో దిగి, రాత్రికి మళ్లీ అక్కడే బస్సెక్కాల్సినవాళ్లు హైదరాబాద్ పాతబస్తీలో చేసే పొరపాటు ఒకటుంది. చార్మినార్, మక్కా మసీదు, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా, పురానీ హవేలీ, లాడ్ బజార్ అన్నీ కాగితం మీద రాసుకుని వరసబెట్టి తిరిగేస్తారు. మ్యాపులో చూస్తే అన్నీ కూతవేటు దూరమే. అయితే మ్యూజియమూ మహలూ ఒకే రోజు పెట్టుకుంటే రెండోదానికి చేరేసరికి కాళ్లు లాగుతాయి, కళ్లకి ఏదీ ఆనదు. రెండిట్లో ఒకటి వదులుకోవాలి. ఏది వదలాలన్నది వెంట ఎవరున్నారు, ఏ నెలలో వెళ్తున్నారు అన్నదాన్ని బట్టి తేలుతుంది.

అంతకన్నా ముందు ఏ వారమో చూసుకోండి. సాలార్‌జంగ్, చౌమహల్లా, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం మూడూ శుక్రవారం సెలవు. పైగా ఆ మధ్యాహ్నం మక్కా మసీదులో జుమ్మా నమాజు. పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా చార్మినార్ చుట్టుపక్కల జనంలో అడుగు పడదు. శుక్రవారం తప్ప కుదరదంటే పగలు గోల్కొండకు వెళ్లి, సాయంత్రం బజారుకి మాత్రం ఇటు రండి. ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి, జనమూ అంతే ఉంటారు. మంగళ, బుధవారాలు హాయి.

మ్యూజియమా, మహలా

సాలార్‌జంగ్‌లో గ్యాలరీలు 38. ఒక్కోదానికి అయిదు నిమిషాలు వేసుకున్నా మూడు గంటలు దాటుతుంది, అదీ ఎక్కడా ఆగకుండా నడిస్తే. నిజాం దగ్గర దివానుగా (ప్రధానిగా) చేసిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో పోయాక, ఆయన ఇల్లు దివాన్ దేవ్‌డీలోనే 1951లో ఈ మ్యూజియం మొదలైంది. మూసీ ఒడ్డున దారుల్‌షిఫాలోని ఇప్పటి భవనానికి 1968లో మారింది. ఒక కుటుంబం తరతరాలుగా కొని పోగేసిన సరుకు కాబట్టి ఇందులో ఒక వరసా ఒక కథా వెతక్కండి. దంతపు కుర్చీల పక్క గదిలో పింగాణీ, దాని తర్వాత కత్తులు. అందుకే అన్నీ చూడాలనుకున్నవాళ్లకి చివరికి ఏదీ గుర్తుండదు.

ఇక్కడ పనికొచ్చే పద్ధతి ఏమిటంటే, నాలుగైదు వస్తువులు ముందే అనుకుని నేరుగా వాటి దగ్గరకి పోవడం. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా బొమ్మ వాటిలో మొదటిది. పాలరాతిని తడిగుడ్డలా చూపించిన పని అది. ఎదురుగా కాకుండా కాస్త పక్కకు జరిగి చూస్తే ముసుగు మడతల వెనక ముఖం బాగా తెలుస్తుంది. రెండోది జంట బొమ్మ. ఒకే చెక్కలో ముందువైపు ఫౌస్ట్ నాటకంలోని దయ్యం మెఫిస్టోఫిలిస్, వెనకవైపు అందులోనే అమాయకురాలు మార్గరెటా. వెనక అద్దం పెట్టారు కాబట్టి ఒక్కచోట నిలబడితే రెండూ కనిపిస్తాయి. మూడోది జేడ్ అనే విలువైన రాతి వస్తువుల గ్యాలరీ, జహంగీరుదని చెప్పే బాకూ, నూర్జహాన్ పండ్లు కోసుకునేదని చెప్పే చాకూ ఉన్నది అక్కడే. ఇక సంగీత గడియారం. గంటకోసారి లోపలి నుంచి గడ్డపాయన బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్నిసార్లు జేగంట కొడతాడు. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కాబట్టి అప్పుడే జనం ఎక్కువ. పదిహేను నిమిషాలు ముందుగా వెళ్లి కూర్చోకపోతే ముందువాళ్ల తలకాయలు తప్ప ఏమీ కనబడవు. పదకొండుకి వెళ్తే ఒక దెబ్బ తగ్గుతుంది, బొమ్మ మాత్రం అదే.

సంచులు లోపలికి తీసుకెళ్లనివ్వరు, బయట అప్పగించాలి. బస్సు దిగి సామానుతో వచ్చేవాళ్లకి ఇది ఒకందుకు మేలే కానీ, డబ్బు, మందులు, నగలు సంచిలో వదలొద్దు.

చౌమహల్లా తీరు వేరు. ఇది వస్తువుల కోసం పోయే చోటు కాదు, కట్టడం కోసం పోయే చోటు. 18వ శతాబ్దం మధ్యలో మొదలుపెట్టి, అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తి చేశారు. ఒకప్పుడు 45 ఎకరాలట, మిగిలింది దాదాపు 12. అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, ఆఫ్తాబ్ మహళ్లు నాలుగూ ఒక నీటి కొలను చుట్టూ ఉంటాయి, చౌ అంటే నాలుగు, చౌ మహల్లా అన్న పేరు అందుకే. దర్బారు జరిగిన ఖిల్వత్ ముబారక్‌లో పాలరాతి గద్దె, పైన 19 బెల్జియం షాండ్లియర్లు. పాత కార్ల షెడ్డులో పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ దగ్గర పిల్లలు కదలరు. గంటన్నర చాలు, తీరిగ్గా అయితే రెండు గంటలు. బాగుచేసిన తీరుకి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది.

దీని లోపం ఎండ. ఒక మహలు నుంచి ఇంకో మహలుకి ఆరుబయట నడవాలి. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటాక ఆ రాతి నేల కాగిన పెనమే. అప్పుడు మ్యూజియమే మేలు. జూలై నుంచి ఫిబ్రవరి దాకా, పదేళ్లలోపు పిల్లలు వెంట ఉంటే, మధ్యాహ్నం బజారు కూడా చూడాలనుకుంటే మహలుకే నా ఓటు. కారణం దూరం. చౌమహల్లా నుంచి చార్మినార్‌కి పది నిమిషాల నడక. సాలార్‌జంగ్ నుంచి కిలోమీటరుకు పైనే, అదీ మదీనా కూడలి దగ్గర రద్దీలోంచి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే మాత్రం నీడపట్టున ఆగి ఆగి చూడగల సాలార్‌జంగ్ నయం.

రెండూ పదింటికి తెరిచి అయిదింటికి మూస్తారు. ఫోటోలకి వేరే రుసుము ఉంటుంది. టికెట్ కొన్నప్పుడే అడిగి కట్టేయండి, లోపలికి వెళ్లాక మళ్లీ వెనక్కి రావడం విసుగు.

పురానీ హవేలీ సంగతి రెండు ముక్కల్లో: ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల బీరువా అక్కడుంది, పొడవు 176 అడుగులు, రెండంతస్తులు. అది చూడాలన్న కోరిక ఉంటే సాలార్‌జంగ్‌తో కలుపుకోండి, దగ్గర అదే. చౌమహల్లాతో కలిపితే అనవసరంగా వెనక్కి నడవాలి.

చార్మినార్ ఎక్కడమా, కింద నుంచి చూడడమా

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఈ కట్టడాన్ని చూడటానికి మంచి వేళలు రెండు. పొద్దున్నే ఏడు లోపు, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి. సాయంత్రం దీపాలు వెలిగాక ఇంకొకటి. ఈ రెండు వేళల్లోనూ పైకి పోనివ్వరు. ఎక్కనిచ్చేది పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతం నుంచి సాయంత్రం అయిదున్నర లోపే, అదీ మొదటి అంతస్తు దాకా. పైనున్న మసీదు అంతస్తుకి అనుమతి లేదు.

మెట్లు మినారు లోపల గుండ్రంగా తిరుగుతూ పోతాయి. ఇరుకు, చీకటి, ఒక్కో మెట్టు మామూలు ఇంటి మెట్టుకన్నా ఎత్తు. భారీ మనుషులకి భుజాలు రాసుకుంటాయి. చంకలో పిల్లని ఎత్తుకుని ఎక్కితే దిగేటప్పుడు కాలు ఎక్కడ పడుతుందో కనబడదు, చీర కుచ్చిళ్లు కాలికింద పడతాయి. వెళ్లాలంటే ద్వారం తెరవగానే మొదటి గుంపులో వెళ్లండి. ఆదివారం పదకొండు తర్వాత క్యూ, పైన తోపులాట, రెండూ ఉంటాయి. పైకి వెళ్లిన ఫలం ఏమిటంటే ఊరి పటం కళ్లముందు పరుచుకుంటుంది: ఉత్తరాన గుల్జార్ హౌజ్ ఫౌంటెన్, చార్ కమాన్లనే నాలుగు తోరణాలు, పడమర లాడ్ బజార్, నైరుతిలో మక్కా మసీదు. ఊరిని నాలుగు దారుల కూడలి చుట్టూ ఎలా గీశారో కింద నుంచి తెలియదు. మోకాళ్లు బాగున్నవాళ్లకి ఎక్కడమే మేలు. మిగతావాళ్లు ఆ సమయాన్ని గుల్జార్ హౌజ్ దాకా నడవడానికి వాడుకుంటే నష్టం లేదు.

మక్కా మసీదులోకి వెళ్లేవాళ్లు మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేసుకోవాలి. నమాజు వేళలు తప్పించాలి.

గాజులా, ముత్యాలా

లాడ్ బజార్ చార్మినార్ నుంచి పడమరకు పోతుంది, అవతలి కొసన 1892 నాటి మహబూబ్ చౌక్ గడియారం. ముత్యాల కొట్లు ఉత్తరాన పత్తర్‌గట్టీలో, రాతి తోరణాల వరండాల కింద. రెండు చోట్లా మోసపోయే తీరు వేరువేరు.

లక్క గాజు కొనేటప్పుడు మొదటి తప్పు సైజు. 2-4, 2-6, 2-8 అంటారు. ఆ రెండో అంకె దశాంశం కాదు, అంగుళంలో పదహారో వంతులు. రూపాయికి పదహారు అణాల లెక్కలాంటిదే. కాబట్టి 2-4 అంటే రెండుంపావు అంగుళాలు, లోపలి కొలత 57 మిల్లీమీటర్లు. 2-6 అంటే సుమారు 60, 2-8 అంటే రెండున్నర అంగుళాలు, 63.5. ఇంట్లో ఉన్నవాళ్లకి కొంటుంటే బయల్దేరే ముందు వాళ్ల గాజొకటి లోపలి అంచు నుంచి లోపలి అంచుకి స్కేలుతో కొలిచి రాసుకోండి. లక్క గాజు మందంగా ఉంటుంది, గాజు గాజులా చేతిని నొక్కి ఎక్కించడం కుదరదు. సందేహంగా ఉంటే పై సైజే తీసుకోండి.

లక్కని బొగ్గుల మీద కరిగించి, మెత్తగా చేసి, గుండ్రంగా చుట్టి, రాళ్లు ఒక్కొక్కటే అద్దుతారు. చేతిపని కాబట్టి రాళ్ల వరస కొద్దిగా వంకరగా ఉంటే అది లోపం కాదు. గోరుతో రాస్తే కదిలే రాయి లోపం. అచ్చులో పోసిన ప్లాస్టిక్ గాజు తేలిగ్గా, అన్నీ ఒకే తీరుగా ఉంటుంది. సెట్టు అంటే ఎన్నో ముందే లెక్కపెట్టించుకోండి, ఒక్కో కొట్లో ఒక్కో లెక్క. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని పేరు చెప్పి ధర పెంచేవాళ్లున్నారు. మూడు కొట్లలో ధర అడగకుండా మొదటిదాంట్లో కొనొద్దు. చార్మినార్‌ని ఆనుకున్న కొట్లకన్నా గడియారం వైపు లోపలికి నడిచే కొద్దీ బేరం తేలిక. వేసవిలో వీటిని ఎండలో నిలిపిన కారులో వదిలితే లక్క మెత్తబడి రాళ్లు జారతాయి.

ముత్యాల సంగతికొస్తే, ఇక్కడ ఏ ముత్యమూ పుట్టదు. బయటినుంచి వచ్చిన ముత్యాలకి తూట్లు పొడవడం, ఏరడం, గుచ్చడం ఈ ఊరి విద్య. ఇప్పుడు అమ్మేవాటిలో చాలావరకు మంచినీటి సాగు ముత్యాలే. అవీ అసలువే. "సముద్రపు ముత్యం" అని చెబితే మాత్రం బిల్లు మీద ఆ మాట రాసిమ్మనండి. అసలుదాన్ని పంటి అంచుకి సుతారంగా రాస్తే సన్న ఇసుక తగిలినట్టుంటుంది, గాజుపూసో ప్లాస్టిక్కో అయితే జారిపోతుంది. తూటు దగ్గర పరీక్షగా చూడండి. పూత పూస అయితే అక్కడే పొర లేచి కనబడుతుంది. అన్నీ అచ్చు ఒకే సైజు, ఒకే మెరుపు, ధరేమో చవక అంటే అనుమానించాల్సిందే. పూసకీ పూసకీ మధ్య ముడి వేయించుకోండి, తెగితే ఒక్కటే పోతుంది.

ఆటో అతను "నాకు తెలిసిన కొట్టు" అని దింపిన చోట కొనకండి, అతని కమీషను మీ ధరలోనే ఉంటుంది. పదిమందికి పంచే కానుకలైతే గాజులు మేలు. ఒక్కరికి, పదేళ్లు వాడేదైతే ముత్యాలు. అరగంటే చేతిలో ఉంటే ముత్యాల జోలికి పోవద్దు, తొందరలో కొనే సరుకు కాదది.

నహారీనా, దోశనా

మాంసం తినేవాళ్లు తెల్లారగానే నయాపూల్ దగ్గర నయాబ్ లాంటి హోటళ్లలో నహారీ (రాత్రంతా ఉడికిన మాంసం పులుసు), కుల్చా రొట్టె తినాలి. పేరులోనే ఉంది, నహార్ అంటే పొద్దు. తొమ్మిది దాటితే అడుగున మిగిలిందే దొరుకుతుంది. శాకాహారులకి గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి దోశ, తవా ఇడ్లీ. నెయ్యీ వెన్నా కాస్త భారీ, ఇద్దరికి ఒకటిన్నర ప్లేటు సరిపోతుంది. రెండు చోట్లా నిలబడి తినాల్సి రావచ్చు. చార్మినార్ పక్కనే నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ సాయంత్రానికి ఉంచుకోండి. ఆ చాయ్‌లో డికాక్షన్ మూతపెట్టి దమ్ మీద విడిగా, పాలు విడిగా మరిగి, కప్పులోనే కలుస్తాయి.

కారా, నడకా

కారు వద్దు. చార్మినార్ చుట్టూ బండ్లను ఆపేస్తారు, నిలిపే చోటు వెతకడంలోనే ముప్పావు గంట పోతుంది. మెట్రోలో వచ్చేవాళ్లు ఎంజీ బస్ స్టేషన్‌లో (ఇమ్లీబన్ అంటే ఇదే) దిగాలి, ఎరుపు, ఆకుపచ్చ లైన్లు రెండూ అక్కడ కలుస్తాయి. అక్కడి నుంచి సాలార్‌జంగ్‌కి నడవొచ్చు. చార్మినార్‌కి ఆటో ఎక్కి మదీనా దగ్గర దిగిపోండి, మిగతాది పత్తర్‌గట్టీ వరండాల్లో నీడన నడవడమే. లాడ్ బజార్ కొట్లు పదకొండున్నరకి గానీ పూర్తిగా తెరుచుకోవు కాబట్టి వరస ఇలా పెట్టుకుంటే సరి: టిఫిను, చార్మినార్, చౌమహల్లా, భోజనం, బజారు, దీపాల వేళకి మళ్లీ చార్మినార్.

రంజాన్ నెలలో ఈ వరస తిరగేయాలి. పగలు హోటళ్లు చాలావరకు మూసి ఉంటాయి, బజారు అర్ధరాత్రి దాటాక కూడా కిటకిటలాడుతుంది. ఆ రోజుల్లో హలీమ్ తిని తిరుగు బస్సు అందుకోవాలంటే చార్మినార్ నుంచి ఇమ్లీబన్‌కి గంటంబావు చేతిలో పెట్టుకుని కదలండి. మదీనా దాకా ఆటో దొరకదు, నడకే.