ఎమ్మారై రిపోర్టు చూసి ప్యాకేజీ అంటగడతారు, జాగ్రత్త

ఒంగోలు, పొదిలి, కందుకూరు వైపు వాళ్ళకు ముఖ్యంగా చెబుతున్నాను. నడుము ఎమ్మారైలో ‘కెనాల్ స్టెనోసిస్’ (వెన్నులో నరాలు వెళ్ళే దారి ఇరుకవడం) అని ఉంటే చాలు, ఆపరేషన్ లేకుండా నరాల దారి తెరిపిస్తామంటూ ప్యాకేజీ అంటగట్టేవాళ్ళున్నారు. మా అమ్మ దగ్గర ఒక సెంటరు వాళ్ళు 48,000 రూపాయలు ముందే కట్టించుకున్నారు.

ఇచ్చిందేమిటంటే ఒక బెల్టు, నూనె సీసా, నడుము లాగే మెషీన్ మీద సిట్టింగులు, జిప్ కవర్లలో గోధుమరంగు పొడి. కవరు మీద మందు పేరు లేదు, తేదీ లేదు, పెన్నుతో ‘ఉదయం, రాత్రి’ అని మాత్రం రాశారు. పొడి మొదలుపెట్టాక నొప్పి ఇట్టే తగ్గింది, షుగరు మాత్రం ఎన్నడూ లేనంత పెరిగింది. ఇలాంటి పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపేవాళ్ళుంటారని చెప్పి, మా డాక్టరు దగ్గరుండి చూసుకుంటూ మాన్పించారు. మేం ల్యాబ్‌కి పంపలేదు కాబట్టి అందులో ఉందని నేననను.

నాకు ఒళ్ళు మండింది ఆ సెంటరులో చేయించిన వ్యాయామాల దగ్గర. వయసుతో వెన్నులో లిగమెంట్లు మందమై, కీళ్ళ దగ్గర ఎముక పెరిగి, డిస్కు ఉబ్బి నరాల దారి ఇరుకవుతుంది. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవాళ్ళకు లిగమెంట్లే ఎముకలా గట్టిపడి కూడా రావచ్చు. పెరిగిన ఎముక నూనెకు కరుగుతుందా? అమ్మ పొయ్యి దగ్గర కాసేపు నిలబడితే కాళ్ళు మొద్దుబారతాయి, కూర్చున్నా ముందుకు వంగినా హాయిగా ఉంటుంది. వెనక్కి వంగితే ఆ దారి ఇంకా ఇరుకవుతుంది. వీళ్ళు రోజూ వెనక్కే వంచారు! తర్వాత ఫిజియోథెరపిస్టు మోకాళ్ళు ఛాతీకి లాక్కోవడం, కదలని సైకిల్ తొక్కడం నేర్పారు.

రిపోర్టులో ఇరుకు కనిపించినంత మాత్రాన అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. చాలామంది వ్యాయామం, మాత్రలతో ఏళ్ళు నెట్టుకొస్తారు. వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్‌తో వచ్చే ఉపశమనం కొన్నాళ్ళే. నడవగలిగే దూరం తగ్గిపోతుంటే మాత్రం నరాల మీద ఒత్తిడి తీసేసే ఆపరేషన్ గురించి స్పైన్ సర్జన్‌తో మాట్లాడాలి. ఒంగోలు రిమ్స్‌లోనో నెల్లూరు పెద్దాసుపత్రిలోనో ఎముకల డాక్టరుకు చూపించుకున్నాకే ఎక్కడైనా డబ్బు కట్టండి. ఇంకో మాట. కూర్చోకుండా, వంగకుండా ఊరికే ఆగి నిలబడితేనే పిక్కల నొప్పి తగ్గుతుంటే అది రక్తనాళాల సమస్య కావచ్చు, అదీ చూపించుకోండి. మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలు తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవక వేలాడిపోతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

డబ్బు వెనక్కి అడిగితే ‘మిగిలిన సిట్టింగులు మీ ఇంట్లో ఇంకెవరికైనా వాడుకోండి’ అన్నారు. బిల్లంటే తెల్లకాగితం మీద ‘థెరపీ చార్జీలు’. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళడానికి రెండేళ్ళ గడువుంది. మీరూ ఇలాగే కట్టి ఉంటే ఫోన్‌పే రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు, ఆ పొడి కవర్లు పారేయకండి.