ఊళ్లో తిరగడానికి సూపర్‌మోటోనా, డ్యూకా?

1979లో అమెరికాలో ఒక టీవీ పోటీ కోసం మట్టిలో తిరిగే బైకులను తారు రోడ్డు మీదా పరిగెత్తించారు. మట్టి బైకుకి రోడ్డు టైర్లు వేసిన సూపర్‌మోటో రకానికి మూలం అదే. ఇప్పటి కేటీఎం 390 ఎస్‌ఎంసీ ఆర్ ఆ కోవలోదే. దాని పక్కన అదే కంపెనీ మామూలు రోడ్డు బైకు, 399 సీసీ 390 డ్యూక్‌ని పెట్టి చూద్దాం. రెండింటిదీ ఒకే కుటుంబానికి చెందిన సింగిల్ సిలిండర్ ఇంజిన్.

గల్లీల్లో సూపర్‌మోటోకి సాటి లేదు. సన్నటి ఒళ్లు, వెడల్పాటి హ్యాండిల్. నిటారుగా కూర్చుంటే ముందున్న కారు పైనుంచి రోడ్డు కనిపిస్తుంది. గుంత వచ్చినా, రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్ వచ్చినా పొడవాటి సస్పెన్షన్ మింగేస్తుంది. మన రోడ్లకి ఇది చిన్న విషయం కాదు.

కానీ సీటు ఎత్తు 860 మిల్లీమీటర్లు. ఐదున్నర అడుగుల మనిషికి మునివేళ్లే ఆనుతాయి. సిగ్నల్ దగ్గర ఇసుక మీద కాలు జారితే బండి ఒరిగిపోతుంది. వెనక ఇంట్లోవాళ్లు కూర్చుంటే ఆ టెన్షన్ రెట్టింపు.

ట్యాంకు 9 లీటర్లే. లీటరుకు 25 కిలోమీటర్లు వచ్చినా 225తో సరి. హైదరాబాద్‌లో నింపుకుని బయల్దేరితే విజయవాడ చేరేలోపు మళ్లీ బంకుకి వెళ్లాల్సిందే. డ్యూక్‌కి 15 లీటర్లు, ఆ బెంగ లేదు. హైవే ఎదురుగాలి మాత్రం రెండింటి మీదా ఛాతీకే తగులుతుంది.

ఇంట్లో ఉండేది ఒక్కటే బండైతే నా ఓటు డ్యూక్‌కే. పైగా అందులో సూపర్‌మోటో ఏబీఎస్ మోడ్ ఉంది, అది పెడితే వెనక చక్రానికి ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఆగిపోతుంది. అది ఖాళీ ట్రాక్ మీదే వాడండి, వానలో రోడ్డు మీద వద్దు.