పాత కరోనేషన్ స్ట్రీటా, పాత ఈస్ట్‌ఎండర్సా: మళ్లీ చూడ్డానికి ఏది మేలు?

ఒకసారి చూసేసిన బ్రిటిష్ సీరియల్‌ని మళ్లీ మొదలుపెట్టాలంటే దేన్ని పట్టుకోవాలి? బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. పాత ఎపిసోడ్లు ఉచితంగా దొరకడం మొదలయ్యాక మరీ ఎక్కువైంది. కరోనేషన్ స్ట్రీట్ ఉత్తర ఇంగ్లండ్‌లోని ఓ వీధి కథ, ఈస్ట్‌ఎండర్స్ తూర్పు లండన్‌లోని ఓ పేట కథ. అంతకు మించి కథల జోలికి పోకుండా, మళ్లీ చూసేటప్పుడు ఏది నిలుస్తుందో, ఏది చప్పబడిపోతుందో మాత్రమే చూద్దాం.

మొదటిసారి చూస్తున్నప్పుడు మనల్ని కూర్చోబెట్టేది తర్వాత ఏమవుతుందన్న ఆత్రం. రెండోసారి అది ఉండదు. ఎవరు చచ్చారో, ఎవరు ఎవర్ని వదిలేశారో ముందే తెలుసు. అప్పుడు మిగిలేవి మాటలు: బార్ కౌంటర్ దగ్గర, కిరాణా కొట్లో, గుమ్మంలో నిలబడి మనుషులు చెప్పుకునే కబుర్లు. ఏ సీరియల్లో ఆ కబుర్లు ఎక్కువగా, బాగా రాశారో అదే రెండో చూపుకి తట్టుకుంటుంది. నా లెక్కలో తీర్పు చెప్పేది ఇదొక్కటే. ఛానల్, యాప్, బొమ్మ నాణ్యత అన్నీ దీని తర్వాతే.

ఈ కొలత పెడితే 1980ల కరోనేషన్ స్ట్రీట్ ముందుంటుంది. 1989 అక్టోబరు వరకు అది వారానికి రెండే ఎపిసోడ్లు. వారమంతటికీ కలిపి గంట కూడా లేదు కాబట్టి కథని పరుగెత్తించాల్సిన పని రచయితలకి లేదు. రోవర్స్ రిటర్న్ పబ్‌లో హిల్డా ఆగ్డెన్ నేల తుడుస్తూ ఎవరి మీదో విసుక్కుంటుంది, కాబిన్ కొట్లో రీటా, మేవిస్ ఓ చిన్న సంగతిని పట్టుకుని సాగదీస్తారు, జాక్, వేరా డక్‌వర్త్ దంపతులు పైసాకి కొరగాని విషయం మీద పోట్లాడుకుంటారు. కథ అంగుళం కదలదు, అయినా సన్నివేశం నిండుగా ఉంటుంది. 1984లో భర్త స్టాన్ చనిపోయాక హిల్డా అతని వస్తువుల పొట్లం విప్పి కళ్లజోడు చూసి ఒక్కతే ఏడ్చే సన్నివేశం ఉంది. అందులో మలుపేమీ లేదు. తెలిసి చూస్తే ఇంకా బరువుగా తగులుతుంది, ఎందుకంటే ఏళ్ల తరబడి ఆ ఇద్దరూ దెప్పుకున్న మాటలన్నీ దాని వెనక ఉన్నాయి. 1987 క్రిస్మస్ రోజున హిల్డా వీధి వదిలి వెళ్లడాన్ని రెండు ప్రసారాలూ కలిపి రెండున్నర కోట్ల మందికి పైగా చూశారు. ఆ రోజు కూడా జరిగింది పబ్‌లో ఓ వీడ్కోలే, ప్రమాదాలూ హత్యలూ కావు.

ఈస్ట్‌ఎండర్స్ స్వభావం వేరు. 1985 ఫిబ్రవరి 19న తలుపు బద్దలుకొట్టి, కొన ఊపిరితో ఉన్న ముసలాయన రెగ్ కాక్స్‌ని కనుక్కోవడంతో మొదలైంది. ప్రతి ఎపిసోడ్ చివర డ్రమ్స్ మోగడానికి ముందు ఏదో ఒకటి పేలాలి. మొదటిసారి చూసేవాళ్లకి దీన్ని మించింది లేదు. 1986 క్రిస్మస్‌కి పబ్ నడిపే డెన్ తన భార్య యాంజీ చేతికి విడాకుల కాగితాలు ఇచ్చిన ఎపిసోడ్‌ని, మరుప్రసారంతో కలిపి, మూడు కోట్ల మందికి పైగా చూశారంటే ఊరికే కాదు. కాని ఆ కాగితాలు వస్తాయని తెలిశాక, వాటికి దారి తీసే వారాల్లో కొన్ని సన్నివేశాలు బిగువు కోసమే ఉన్నాయని కనిపిస్తుంది.

దీనికీ గట్టి మినహాయింపులున్నాయి. పదహారేళ్ల మిషెల్ కడుపులో బిడ్డకి తండ్రెవరన్న కథ 1985 శరత్తులో కాలువ గట్టున తేలుతుంది. ఆ పేరు తెలిసి మొదటి నెలలు మళ్లీ చూస్తే, పబ్‌లో డెన్ ఆ పిల్లని చూసే చూపులూ, తప్పించుకునే మాటలూ కొత్తగా తెలుస్తాయి. 1986 అక్టోబరులో డెన్, యాంజీ ఇద్దరే ఎపిసోడ్ అంతా మాట్లాడుకునే అరగంట ఉంది. తనకి ఆరు నెలలే ఆయుష్షని ఆమె అబద్ధమాడుతుంది. అది అబద్ధమని తెలిసి చూడ్డమే మేలు. 1987లో డాట్, ఎథెల్ ఇద్దరే ఉన్న ఎపిసోడూ అంతే. నిజానికి లాండ్రెట్‌లో, అంటే బట్టలుతికే దుకాణంలో, డాట్ కాటన్ ఉన్న ఏ సన్నివేశమైనా కరోనేషన్ స్ట్రీట్ కౌంటర్ కబుర్లకి దీటుగా నిలుస్తుంది.

ఎవరూ పెద్దగా పట్టించుకోని తేడా ఒకటుంది: ప్రకటనలు. కరోనేషన్ స్ట్రీట్‌ని ఐటీవీ కోసం, మధ్యలో ఓ విరామం ఉంటుందని తెలిసే రాశారు. మొదటి సగం చివర తర్వాత ఏమవుతుందోనని ఆపి ఉంచే చిన్న కొక్కెం, రెండో సగం చివర పెద్దది. ఇప్పుడు ఐటీవీ3లో చూసినా ఆ కట్టు చెదరదు. ఈస్ట్‌ఎండర్స్‌ని బీబీసీ కోసం, ఆగకుండా నడిచే అరగంటగా రాశారు. పాత ఎపిసోడ్లు ఇప్పుడు వచ్చేది డ్రామా (ఇప్పటి పేరు యు అండ్ డ్రామా) అనే వాణిజ్య ఛానల్లో. ప్రకటనలతో కలిపి ఒక్కోటి దాదాపు 40 నిమిషాలు పడుతుంది, విరామం ఎక్కడ పడాలని రాశారో అక్కడ పడదు. డెన్, యాంజీల ఎపిసోడ్ లాంటిది మధ్యలో సోఫా ప్రకటనకి తెగితే సగం బలం పోతుంది. వీలైతే రికార్డు చేసుకుని, ప్రకటనలు దాటేసి చూడండి.

ఇక వేగం సంగతి. డ్రామా 2018 నుంచీ, ఐటీవీ3 2017 నుంచీ పాత ఎపిసోడ్లని పనిదినాల్లో రోజుకి రెండు చొప్పున వేస్తున్నాయి, అంటే వారానికి పది. వారానికి రెండు వచ్చిన కాలంలో ఏడాదికి 104 ఎపిసోడ్లు; అవి పదిన్నర వారాల్లో అయిపోతాయి. వారానికి మూడు వచ్చిన కాలంలో ఏడాది సరుకు పదహారు వారాలు, నాలుగు వచ్చిన కాలంలో ఇరవై ఒక్క వారాలు పడుతుంది. కరోనేషన్ స్ట్రీట్‌లో 1986లో వచ్చిన అలన్ బ్రాడ్లీ 1989 డిసెంబరులో బ్లాక్‌పూల్ ట్రామ్ కింద పడేదాకా నాలుగేళ్లు. ఈ వేగంతో అది పది నెలలు. రీటా ఇంటికొచ్చిన పెద్దమనిషి ఆమె ఇంటినే తాకట్టు పెట్టే మోసగాడిగా, ఆ పైన ఆమె ప్రాణానికే ముప్పుగా మారే తీరు ఈ వేగంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆనాడు వారం వారం చూసినవాళ్లకి అందని సౌకర్యం ఇది. అలాగని రోజుకి ఆరేడు చూడకండి. ఎపిసోడ్ చివరి కొక్కేలన్నీ ఒకేలా వినిపించి, మాటలు చెవిన పడడం మానేస్తాయి. రోజుకి రెండు సరిపోతాయి, మూడు పరిమితి.

ఇక్కడే అసలు చిక్కు. ఐటీవీ3 1986 నుంచి మొదలుపెట్టి ఎప్పుడో 80లు దాటేసింది. డ్రామా కూడా ఈస్ట్‌ఎండర్స్ తొలి ఏళ్లు దాటి చాలా దూరం వెళ్లిపోయింది. కాబట్టి చేరేముందు ఏ ఏడాది నడుస్తోందో చూసుకోండి. మధ్యలో చేరాల్సి వస్తే రెండు మూడు వారాలు ఓపిక పట్టండి. ఇరవై ముప్పై ఎపిసోడ్లలో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసిపోతుంది, సీరియల్ రాతే అలా ఉంటుంది. ఛానల్‌ని నేరుగా చూడాలన్నా, రికార్డు చేయాలన్నా టీవీ లైసెన్సు కావాలి. ఐటీవీఎక్స్, డ్రామా వాళ్ల యు, ఎస్‌టీవీ ప్లేయర్ యాప్‌లలో తర్వాత చూసేదానికి అక్కర్లేదు. కాని ఛానల్లో వచ్చిన ఎపిసోడ్లు యాప్‌లో కలకాలం ఉండవు. వెనకబడితే మధ్యలో తెగుతుంది. ఫ్రీవ్యూ రికార్డర్ ఉంటే సిరీస్ రికార్డ్ పెట్టుకుని, క్రిస్మస్ వారంలో మాత్రం సమయాలు మారాయేమో ఒకసారి చూడండి.

80ల కరోనేషన్ స్ట్రీటే కావాలంటే డీవీడీలున్నాయి. నెట్‌వర్క్ సంస్థ దశాబ్దాలవారీగా పెట్టెలు వేసింది. ఆ సంస్థ 2023లో మూతపడింది కాబట్టి ఇప్పుడు సెకండ్ హ్యాండే గతి. వాటిలో ఉన్నవి ఏరిన ఎపిసోడ్లే, వరసగా అన్నీ కావు. అయినా కబుర్ల కోసం చూసేవాళ్లకి అది లోటు కాదు. మొదటిసారి చూసేవాళ్లకైతే లోటే.

డబ్బు పెట్టకుండా, మొదటి ఎపిసోడ్ నుంచి వరసగా కావాలంటే బ్రూక్‌సైడ్. 1982 నవంబరు 2న ఛానల్ 4 పుట్టిన రోజే మొదలై 2003లో ముగిసింది, మొత్తం 2,915 ఎపిసోడ్లు. ఎస్‌టీవీ ప్లేయర్ 2023 నుంచి మొదటి ఎపిసోడ్‌తో మొదలుపెట్టి వరసగా ఇస్తోంది. వారానికి పది చూస్తే ఐదున్నరేళ్లు. ఇక్కడ చెప్పుకున్న రెండు పెద్దవాటికీ లేనిది దీనికుంది: ముగింపు. 1993లో ఓ తల్లీకూతుళ్లు పెరట్లో పూడ్చిన శవం 1995 జనవరిలో బయటపడేదాకా సాగే కథ రెండోసారి కూడా గుండె బిగబట్టిస్తుంది. ఈసారి ఆత్రం శవం దొరుకుతుందా అని కాదు, ఆ తల్లీకూతుళ్లు దాన్ని మోస్తూ మామూలుగా ఎలా మాట్లాడుకుంటున్నారని. లివర్‌పూల్లో నిజమైన ఇళ్లు కొని అందులోనే తీశారు కాబట్టి తొలి ఏళ్లలో గదులు ఇరుకు, గొంతులు మసక. దానికి తోడు ఆ యాస. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.

ఎమర్‌డేల్‌ని ఐటీవీ3 2019 నుంచి, 1989 నాటి ఎపిసోడ్లతో మొదలుపెట్టింది. 1993 డిసెంబరు 30 విమాన ప్రమాదానికి ముందు కాలం నెమ్మదిగా, హాయిగా ఉంటుంది. పల్లె జీవితం ఇష్టమైతే చాలు. క్రాస్‌రోడ్స్‌లో పాతవి చాలా భాగం టేపులు చెరిపేయడంతో పోయాయి. వరస కావాలనుకునేవాళ్లు అటు వెళ్లొద్దు.

ఏది ఎంచుకున్నా టీవీలో రెండు సర్దుబాట్లు చేసుకోవాలి. 80ల ఎపిసోడ్లు 4:3 కొలతలో తీసినవి. టీవీ వాటిని తెర నిండా సాగదీస్తే మొహాలు వెడల్పుగా కనిపిస్తాయి, కాబట్టి పిక్చర్ సైజుని 4:3 లేదా ఆటోకి మార్చండి. మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నునుపు చేసే సర్దుబాటు) ఉంటే ఆపేయండి, పాత వీడియో టేపు మీద అది మనుషుల అంచుల్ని చెరిపేస్తుంది. ఇంకొకటి, మన సీరియళ్లలోలాగా వీటిలో సన్నివేశాల వెనక సంగీతం ఉండదు. ఎప్పుడు తల ఎత్తి చూడాలో చెప్పేవాళ్లు లేరు. వంట చేసుకుంటూ ఓ చెవి వేస్తే ఈస్ట్‌ఎండర్స్ కేకలు అందుతాయి గాని, హిల్డా గొణుగుడు అందదు.

ఇండియా నుంచి అడిగేవాళ్లకి: ఐటీవీఎక్స్, యు, ఎస్‌టీవీ ప్లేయర్ బ్రిటన్ బయట తెరుచుకోవు. డీవీడీ ఒక్కటే దారి. డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడుతుందో రీజియన్ అంకె చెబుతుంది: బ్రిటన్ డిస్కులు రీజియన్ 2, ఇండియా ప్లేయర్లు రీజియన్ 5. అన్ని రీజియన్లూ ఆడించే ప్లేయర్ ఉందో లేదో చూసుకున్నాకే డిస్కులు తెప్పించుకోండి. రెండు దేశాల్లోనూ పాల్ అనే టీవీ బొమ్మ పద్ధతే కాబట్టి టీవీతో ఇబ్బంది రాదు. అమెరికాలో ఉన్నవాళ్లు మాత్రం ప్లేయర్ పాల్‌ని మార్చి చూపిస్తుందో లేదో కూడా కనుక్కోవాలి.