టోక్యోలో అమ్మకి తిండి, నాకు దారి: కెమెరాతో వారం రోజులు

అమ్మని జపాన్ తీసుకెళ్దాం అనుకున్నప్పుడు నాకు టెన్షన్ పెట్టింది వీసా కాదు, తిండి. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. అక్కడేమో ఉత్త కూరగాయల సూప్‌లా కనిపించేదాంట్లో కూడా చేప నుంచి తీసిన 'దాషి' రసం చాలాసార్లు కలిపి ఉంటుంది.

మొదటి రాత్రి సెవెన్ ఎలెవన్ అనే ఒక దుకాణంలో ఒనిగిరిల ముందు నిలబడ్డాం. ఒనిగిరి అంటే నోరి నాచు చుట్టిన అన్నం ముద్ద. అనువాద యాప్ తెరిచి ప్యాకెట్ మీదికి కెమెరా పెడితే జపనీస్ అక్షరాలు అక్కడికక్కడే ఇంగ్లీషులోకి మారాయి. ప్లాస్టిక్ మెరుపుకి, చేతి వణుకుకి అక్షరాలు గంతులేస్తుంటే ఫొటో తీసి నిలకడగా చదివాను. 'ఉమె' అనే, ఉప్పులో ఊరబెట్టిన పండు పెట్టిన ముద్ద దొరికింది. "మన ఉసిరికాయ పచ్చడిలా పుల్లగా ఉందే" అంది అమ్మ. మర్నాడు ఇంకో రకం ఉమె ముద్ద తీసుకుంటే వెనక చిన్న అక్షరాల్లో చేప సారం కనిపించింది. కాబట్టి ముందు వైపు చూసి కొనకండి, తిప్పి చదవండి.

అసకుసాలో మేం దిగిన హోటల్ గది ఎంత చిన్నదంటే రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవలేం. అయినా శుభ్రంగా ఉంది, సెన్సోజి గుడికి నడిచి వెళ్లొచ్చు. అర్ధరాత్రి చలికి లేస్తే ఏసీ రిమోట్ మీద అంతా జపనీసే. కెమెరాలో చూశాకే వేడి గాలి మీట ఏదో తెలిసింది. వాషింగ్ మెషీన్‌కీ ఇదే ఉపాయం.

షింజుకు స్టేషన్‌కి 200కి పైగా దారులున్నాయి. పైకొచ్చాక, ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ చుక్క వీధి అవతలికి దూకుతుంటే, గూగుల్ మ్యాప్స్‌లో లైవ్ వ్యూ ఆన్ చేశాను. అది కెమెరాకి ఎదురుగా ఉన్న భవనాలను స్ట్రీట్ వ్యూ బొమ్మలతో, అంటే గూగుల్ ముందే తీసి ఉంచిన వీధి ఫొటోలతో, పోల్చి మనం ఎటు తిరిగి ఉన్నామో పట్టేస్తుంది. తెర మీద, రోడ్డు బొమ్మ పైనే పెద్ద బాణం కనిపించింది. నేనైతే ఓ పక్కకి ఆగి, బాణం చూసి, ఫోన్ జేబులో పెట్టి నడిచాను. ఆ జనంలో తెర చూస్తూ నడవడం ప్రమాదం, బ్యాటరీ కూడా మంచినీళ్లలా అయిపోతుంది. పవర్ బ్యాంక్ తప్పనిసరి. భూమి లోపలి దారుల్లో మాత్రం పసుపు బోర్డులనే నమ్ముకున్నాం.

క్యోటోలో ఒక చిన్న సత్రంలో మెనూ కుంచెతో, నిలువుగా రాసి ఉంది. కెమెరా ఏవేవో పొంతన లేని మాటలు చూపించింది. చివరికి అక్కడి పెద్దావిడ కాగితం మీద చేప బొమ్మ గీసి, దాని మీద అడ్డంగా కొట్టేసి, మా ముఖాల్లోకి చూసింది. అమ్మ గట్టిగా తలూపింది.

శాకాహారులు వెళ్తే క్యోటోలోనే అరషియామాలో తెన్‌ర్యూజి ఆలయం ఆవరణలో ఉన్న షిగెత్సు అనే భోజనశాలని వదలకండి. అక్కడ పెట్టేది బౌద్ధ సన్యాసుల పద్ధతి భోజనం, మాంసం, చేప ఏవీ వాడరు. అక్కడ ఫోన్ సంచీలోంచి తీయలేదు. అమ్మ గిన్నెలన్నీ ఖాళీ చేసింది.