విద్యా విధానంలో పీజీ: ఐదుకు మూడున్నర

బడిలో తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పాక, పైనుంచి వచ్చే ఉత్తర్వులు అసలెక్కడ పుడతాయో చూద్దామని ఈ కోర్సులో చేరాను. నాలుగు సెమిస్టర్లు, చివర్లో ఒక థీసిస్. పట్టా చేతికొచ్చి కొన్ని నెలలైంది. మోజూ తీరింది, కోపమూ చల్లారింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మొదటి సెమిస్టర్ సెమినార్ ఒక్కదానికే చేరొచ్చు. పన్నెండుమందిమి గుండ్రంగా కూర్చునేవాళ్లం. మేడమ్ పాఠం చెప్పరు, అడుగుతారు. ఒక వారం, తరగతిలో ఎంతమంది పిల్లలుండాలన్నదాని మీద అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో చేసిన ప్రయోగం చదివాం. 1985లో మొదలై నాలుగేళ్లు నడిచింది. 79 బడుల్లో పిల్లల్నీ టీచర్లనీ చీటీలేసినట్టు పంచి, కొందరిని 13 నుంచి 17 మంది ఉండే తరగతుల్లో, మిగతావాళ్లని 22 నుంచి 25 మంది ఉండేవాటిలో వేశారు. తక్కువమంది ఉన్నచోట పిల్లలు బాగా నేర్చుకున్నారు. కిక్కిరిసిన గదుల్లో గొంతు పోగొట్టుకున్నదాన్ని కదా, ‘ఇంక చర్చేముంది, తగ్గించేస్తే సరి’ అని ఆవేశంగా రెండు పేజీలు రాసిచ్చాను. తిరిగొచ్చిన కాగితం చివర పెన్సిలుతో ఒకే ముక్క: ‘అంతమంది టీచర్లు ఎక్కణ్ణుంచి వస్తారు?’

తర్వాతి వారం కాలిఫోర్నియా. 1996లో అక్కడ ప్రాథమిక తరగతుల్లో పిల్లల సంఖ్యను రాష్ట్రమంతటా ఒక్కసారిగా ఇరవైకి దించబోయారు. గదులు చాల్లేదు. పూర్తి అర్హతలు లేనివాళ్లని కూడా తీసుకోవాల్సి వచ్చింది, వాళ్లలో ఎక్కువమంది పేద పిల్లల బడుల్లోనే తేలారు. సిగ్గేసింది. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

కెన్యాలో ఉచితంగా పాఠ్యపుస్తకాలు పంచితే ముందునుంచీ బాగా చదివే పిల్లలకే లాభం కలిగిందన్న అధ్యయనం కూడా ఆ సెమినార్లోనే చదివాను. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, చాలామంది పిల్లలకి అది మూడో భాష. ఇది చదివి మేడమ్ ఏమీ అడక్కముందే అందరం తలలు దించుకున్నాం.

గణాంకాల పేపరు మాత్రం అంత బాగోలేదు. లెక్కల టీచర్ని, నాకే మొదటి మూడు వారాలు ఏం జరుగుతోందో తెలీలేదు. సాఫ్ట్‌వేర్ ఎవరూ నేర్పరు, వచ్చేసి ఉండాలంతే. సీనియర్ ఒకమ్మాయి రాత్రుళ్లు కూర్చోబెట్టి నేర్పకపోతే అక్కడే మానేసేదాన్ని.

ఆ క్లాసులోనే ఇంకోటి జరిగింది. సార్ తెరమీద వేసిన డేటాలో పిల్లల హాజరు ఒక కాలమ్. 92, 94, 93, చక్కగా, ఎక్కడా ఖాళీ లేకుండా. నాకు నవ్వొచ్చింది. నెలాఖరు సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో ఒకే పెన్నుతో, ఒకే ఊపులో నింపిన పట్టీలు నేనెన్ని చూళ్లేదు! చెయ్యెత్తి అదే చెప్పాను. ‘దాన్ని మెజర్‌మెంట్ ఎర్రర్ అంటారు’ అని సార్ స్లైడు మార్చేశారు.

నేను మార్కులు కోసింది ఇక్కడే. అంకెని ఎలా అనుమానించాలో ఈ విభాగం నేర్పుతుంది, ఆ అంకె ఎవరి చేతిమీదుగా పుట్టిందో చూడమనదు. విధానాల అమలు మీద ఒక ఎలక్టివ్ ఉందని బ్రోచర్లో చూసి సంబరపడ్డాను. రెండేళ్లలో ఒక్కసారి కూడా పెట్టలేదు. ఒక్క బడికి కూడా తీసుకెళ్లలేదు. ఇక గైడ్‌గారు, నా మొదటి అధ్యాయం ఆయన దగ్గర పదకొండు వారాలుంది. తిరిగొచ్చేసరికి అందులో నేనేం రాశానో నాకే గుర్తులేదు.

డిగ్రీ అవగానే చేరే పిల్లలైతే ముందు ఒకటి రెండేళ్లు బడిలో పనిచేసి రండి. మా బ్యాచ్‌లో ఇద్దరు చిన్నవాళ్లు నాకంటే వేగంగా చదివేవాళ్లు, కానీ పట్టీల సంగతి చెబితే అబద్ధమేమో అన్నట్టు చూశారు. టీచర్లైతే సందేహించకుండా చేరొచ్చు, సాఫ్ట్‌వేర్ మాత్రం ముందే కాస్త నేర్చుకోండి.

చివరికి నా థీసిస్ కూడా హాజరు పట్టీల మీదే చేశాను. బీ ప్లస్ ఇచ్చారు. సగం స్టార్ అందుకే తగ్గించానని మీరనుకుంటే, కాదనను.