మొదటి థ్రిల్లర్‌ని ‘డీటీపీ టు బైండింగ్’ ప్యాకేజీకి ఇస్తే: డెల్టా ఉద్యోగుల కోసం ఒక సమీక్ష

శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు వేసే షాపుల బోర్డుల మీద ‘నవలలు, కవితా సంపుటాలు, డీటీపీ నుంచి బైండింగ్ దాకా’ అన్న లైను కూడా చేరి చాలా కాలమైంది. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం ఎక్కడ అడిగినా సరుకు ఒకటే: మీ రాతప్రతి తీసుకుంటారు, పేజీలు కడతారు, ఒక ప్రూఫ్ రీడర్ చేత దిద్దిస్తారు, కవరు వేస్తారు, అచ్చేసి కట్టలు కట్టి ఇస్తారు. పగలు బ్యాంకు కౌంటర్లోనో, బడిలోనో, రొయ్యల చెరువు గట్టు మీదో గడిపి, రాత్రి భోజనాలయ్యాక రాసుకునే మనిషికి ఇది వరంలాగే కనిపిస్తుంది. కందుకూరి బడిపంతులుగా ఉంటూనే 1874లో పత్రిక పెట్టి నడిపిన నేల మరి, ఇక్కడ ఉద్యోగం, రాత ఒకే చూరు కింద ఉండడం కొత్తేమీ కాదు. ఫలానా షాపు అని కాకుండా, ఈ ప్యాకేజీ ఒక థ్రిల్లర్‌కి ఎంతవరకు అక్కరకొస్తుందన్నదే ఇక్కడ చూస్తున్నాం.

అచ్చు బాగుంటుంది. బైండింగ్ ఫర్వాలేదు. పేజీలు కట్టే దగ్గరే దెబ్బ తగులుతుంది. కవితల పుస్తకంలో ఒక లైను పక్క పేజీలోకి జారితే కొంపేమీ మునగదు. థ్రిల్లర్‌లో మునుగుతుంది. అందుకే ఈ ప్యాకేజీకి అయిదు మార్కులకి మూడే.

రోజుకి 300 మాటలు, వారానికి అయిదు రోజులు రాస్తే 30 వారాల్లో 45,000 మాటలవుతాయి. మొదటి థ్రిల్లర్‌కి అది చక్కటి నిడివి. లెక్క ఇక్కడి నుంచే మొదలవ్వాలి. డెమీ సైజు, అంటే మామూలు నవలల సైజు పుస్తకంలో 14 పాయింట్ల అక్షరం, పేజీకి 28 లైన్లు, లైనుకి ఏడెనిమిది మాటలు అనుకుంటే పేజీకి సుమారు 210 మాటలు పడతాయి. అంటే కథ 214 పేజీలు. ముందు పేజీలు ఒక ఎనిమిది కలిపితే 222. అచ్చు పని ఫారాల్లో జరుగుతుంది. ఒక షీటుకి రెండు వైపులా అచ్చేసి మడిస్తే ఒక ఫారం, ఫారానికి 16 పేజీలు. 14 ఫారాలంటే 224, సరిగ్గా సరిపోయింది. అదే 226కి వెళ్లిందా, 15వ ఫారం ఎత్తుకోవాలి, 14 ఖాళీ పేజీలకి డబ్బు కట్టాలి. ఆపరేటర్ ఆ ఫారం మిగిల్చి మీకు మేలు చేద్దామనే అక్షరాన్ని 13.5కి దించుతాడు, లైన్ల మధ్య ఎడం బిగిస్తాడు. అడగడు. తెలుగులో ఆ ఎడం 18 పాయింట్ల కంటే బాగా తగ్గిందంటే పై లైను వత్తులు కింది లైను గుడుల మీద కూర్చుంటాయి. రాత్రి పది దాటాక బెడ్ ల్యాంపు కింద చదివేవాడి కళ్లు మండిపోతాయి. అక్షరం సైజు, ఎడం, పేజీకి లైన్లు ఈ మూడూ ఒప్పుకున్న రోజే బిల్లు పుస్తకం మీద రాయించుకోండి. ఫారం మిగలాలంటే కత్తెర మీ కథకే వేసుకోండి.

ఇక మార్పిడి. ఫోన్లోనో, ల్యాప్‌టాప్‌లోనో టైపు చేసిన నవల అన్ని పరికరాలూ చదవగలిగే యూనికోడ్‌లో ఉంటుంది. షాపులో ఇంకా పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడుస్తుంటే దాన్ని మార్చాలి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001 నాటిది, దానికి యూనికోడ్ తెలుగు పట్టదు. అను ఫాంట్లలో తెలుగు ముక్కలన్నీ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే కూర్చుని ఉంటాయి కాబట్టి, రాతప్రతిలో ఇంగ్లీషు లిపిలో ఉన్న ప్రతి మాటా మార్పిడి తర్వాత అర్థం లేని తెలుగు ముక్కలుగా తేలుతుంది. మామూలు నవలలో ఇలాంటివి నాలుగైదు దొర్లితే నవ్వుకుని వదిలేస్తారు. థ్రిల్లర్‌లో ఇంగ్లీషు లిపిలో ఉండేవి ఏమిటి? బండి నంబరు, పాస్‌వర్డు, ఫోన్లో వచ్చిన మెసేజీ. అంటే అచ్చంగా మీ ఆధారాలే! వాటిని ముందే తెలుగు లిపిలోకి మార్చేయండి, లేదా ఒక్కోదానికీ పసుపు రంగు పూసి ఇవ్వండి. ‘డాక్టర్‌కి’ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి ఉంటుంది. అది రాలిపోతే ‘ర్కి’ అని వత్తు పడిపోతుంది. వీలైతే కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో యూనికోడ్‌తోనే పేజీలు కట్టే షాపుని వెతుక్కోండి, ఈ తలనొప్పిలో సగం పోతుంది.

చివరి నిమిషంలో పాత్ర పేరు మార్చమని మాత్రం అడగొద్దు. ‘రవి’ని ‘శేఖర్’ చేయమంటే ఆపరేటర్ ఒక్క నొక్కుతో మొత్తం మార్చేస్తాడు. అరవింద్ కాస్తా ‘అశేఖర్ంద్’ అవుతాడు, బీరువాలో మడతపెట్టిన రవిక ‘శేఖర్క’ అవుతుంది. పేర్లు మార్చాలనిపిస్తే మీ ఇంట్లోనే, ఒక్కొక్కటీ చూసుకుంటూ మార్చి, ఆ తర్వాతే ఫైలు ఇవ్వండి.

పేజీ కట్టడంలో థ్రిల్లర్‌కి అసలైన పని వేరే ఉంది. తెరిచిన పుస్తకంలో ఎడమ పక్క సరిసంఖ్య, కుడి పక్క బేసిసంఖ్య. పాఠకుడి కళ్లు ఎదురు పేజీ మీదికి తప్పకుండా జారతాయి. తలుపు తీసింది ఎవరన్నది కుడి పేజీ మధ్యలో ఉంటే, ఎడమ పేజీలో తలుపు చప్పుడు చదువుతుండగానే వాడికి పేరు కనపడిపోతుంది. చప్పుడు బేసి పేజీ అడుగున ఉండాలి, పేరు కాగితం తిప్పాక సరిసంఖ్య పేజీ నెత్తిన ఉండాలి. నవల మొత్తంలో ఇలాంటి చోట్లు ఆరో ఏడో ఉంటాయి. వాటి జాబితా కాగితం మీద రాసి ఆపరేటర్‌కి ఇవ్వండి: ‘ఈ వాక్యం బేసి పేజీ చివర, ఈ వాక్యం తర్వాతి పేజీ మొదట’ అని. సాధించడానికి రెండు దారులు: ముందున్న పేరాలో ఒక లైను తగ్గించడం, లేదా సంభాషణని విడగొట్టి ఒక లైను పెంచడం. ఈ సర్దుబాటు అక్షరం సైజు ఖాయమయ్యాకే చేయాలి. ముందు చేస్తే రెండోసారి చేయాల్సిందే.

విషయసూచిక విషయంలో షాపువాళ్లకి అలవాటైన దారి ప్రమాదం. అధ్యాయాల పేర్లు వరసగా ముందు పేజీలో వేసేస్తారు. ‘బావగారి పాపం’ అని పదిహేడో అధ్యాయానికి పేరుంటే ఇక చదవడానికేముంది? అంకెలు చాలు. వెనక అట్ట మీది నాలుగు లైన్లు కూడా మీరే రాసివ్వండి. వదిలేస్తే ముందుమాటలోంచి ఒక పేరా తీసి పెడతారు. ముందుమాట రాసిన పెద్దాయన ముగింపు దాచి ఉండకపోవచ్చు.

ప్యాకేజీలో వచ్చే ప్రూఫ్ రీడర్ సాధారణంగా రిటైరైన తెలుగు మాస్టారు. భాష మీద పట్టు అమోఘం. ద, ధలు, శ, షలు ఆయన కంట్లోంచి తప్పించుకోలేవు. చిక్కల్లా, ఆయన పాత్రల నోళ్లు కూడా దిద్దేస్తారు. ‘ఆయ్, ఎల్తన్నానండి’ అన్న పడవ సరంగు ప్రూఫు తిరిగొచ్చేసరికి ‘అవును, వెళ్తున్నానండి’ అంటాడు. ఫోన్లో మాట్లాడిన మనిషి కోనసీమవాడా కాదా అన్నదే మీ కథకి కీలకమైతే, ఆధారం చెరిగిపోయినట్టే. ‘దిద్దకూడని మాటలు’ అని ఒక పేజీ ముందే ఇస్తే ఆయన తప్పకుండా పాటిస్తారు. ఏ పాత్ర ఎవర్ని ‘ఏవండీ’ అంటుంది, ఎవర్ని ‘ఒరేయ్’ అంటుంది, ఎవరికి ‘గోరు’, ఎవరికి ‘గారు’ అన్నీ అందులో ఉండాలి.

వాస్తవాలు చూడడం ప్యాకేజీలో లేదు, ఉంటుందనుకోవడం కూడా తప్పు. ఆ పని మీదే. హత్య 2024 జూలై 1కి ముందు జరిగితే ఎఫ్‌ఐఆర్‌లో 302, ఆ తేదీ నుంచి జరిగితే భారతీయ న్యాయ సంహిత 103. 2021లో సాగే కథలో ‘కోనసీమ జిల్లా ఎస్పీ’ ఉండడు, ఆ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. బండి నంబరు చూసి జిల్లా పట్టేయడం కూడా పాత బళ్లకే చెల్లుతుంది. తూర్పు గోదావరికి ఏపీ 05, పశ్చిమానికి ఏపీ 37 ఉండేవి, 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 వరస వచ్చింది. వరదలో శవం తేలే సన్నివేశం రాస్తే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75 అని గుర్తుంచుకోండి. మూడో హెచ్చరిక ఎగురుతుంటే లంకలోకి మోటార్ సైకిల్ మీద వెళ్లే ఇన్‌స్పెక్టర్ని ఈ డెల్టాలో చదివేవాళ్లు నమ్మరు.

ప్రూఫులు మూడు అడగండి, రెండు చాలంటారు. మొదటిది అక్షరాల కోసం. రెండోది ఒక పట్టిక పక్కన పెట్టుకుని చదవాలి: పేజీ నంబరు, వారం, టైము, ఎవరెక్కడున్నారు, అప్పటికి ఎవరికేం తెలుసు. ‘పదింటికి’ అన్నది ‘పదిన్నరకి’ అయిందంటే మీ నేరస్థుడి సాక్ష్యం చెడిపోతుంది, ప్రూఫ్ రీడర్‌కి మాత్రం రెండూ ఒప్పు మాటలే. మూడోది పేజీ తిప్పుళ్ల కోసం. రాత్రికి 20 పేజీలు చూస్తే ఒక్కో ప్రూఫుకి 11 రాత్రులు. ఫోన్లో పీడీఎఫ్ చూసి సరే అనేయకండి. ఫోన్లో ఒక్కో పేజీయే కనిపిస్తుంది, ఎదురు పేజీ గొడవ అందులో తెలియదు. కాగితం మీదే, రెండు పేజీలూ పక్కపక్కన తీయించుకోండి. పేజీలని అచ్చు యంత్రానికి ఎక్కించే రేకులు, అంటే ప్లేట్లు, తయారయ్యాక ఒక అక్షరం మార్చినా ఆ ప్లేటు మొత్తం మళ్లీ వేయాలి.

పని ఎప్పుడు ఇస్తున్నారన్నది చాలామంది పట్టించుకోరు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం శుభలేఖల కాలం. మీ నవల పక్కకి పోతుంది, ఆపరేటర్ చేయి ఖాళీ ఉండదు. ఏడాది చివర క్యాలెండర్లు, డైరీలు. ఆషాఢంలో ఇవ్వండి. ముహూర్తాలు లేక షాపు ఖాళీగా ఉంటుంది, ఆపరేటర్ పక్కన రెండో శనివారం పూట కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. కానీ అచ్చు, బైండింగ్ ఆ తడి గాలిలో వద్దు. కాగితం చెమ్మ పీల్చి అలలు తేరుతుంది. పైన మాత్రమే లామినేషన్ ఉన్న అట్ట, లోపలి వైపు చెమ్మ పట్టి బయటికి చుట్టుకుపోతుంది. పేజీలు ఆషాఢంలో కట్టించి, వానలు తెరిపిచ్చాక అచ్చుకి పంపడం తెలివైన పని.

కాగితానికి 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి 70 గ్రాముల బరువు) మాప్‌లిథో చాలు, కొంచెం పసుపు ఛాయ ఉన్నది కంటికి హాయి. మిల్లు రాజమండ్రిలోనే ఉంది కదా అని చవగ్గా దొరుకుతుందనుకోకండి, షాపువాడు కొనేది డీలరు దగ్గరే. అట్ట 250 లేదా 300 జీఎస్ఎం. థ్రిల్లర్ అనగానే నల్ల అట్ట అంటారు. నల్లటి మ్యాట్ అట్ట మీద వేలిముద్రలన్నీ పడతాయి (కథకి తగ్గట్టే), మడత దగ్గర నలుపు చిట్లి తెల్లగీత తేలుతుంది. వీపు మీదైనా ముదురు రంగు తగ్గించమనండి. 224 పేజీలకి వీపు సుమారు ఒక సెంటీమీటరు వస్తుంది, పేరు పట్టడానికి అది చాలు. జిగురు బైండింగ్‌కి వీపు పక్క రెండు మూడు మిల్లీమీటర్లు కోసేస్తారు, లోపలి మార్జిన్ ముప్పావు అంగుళానికి తగ్గితే అక్షరాలు మడతలోకి దూరిపోతాయి. గ్రంథాలయాలకి ఇవ్వాలనుకుంటే కొద్ది డబ్బు ఎక్కువైనా కుట్టు బైండింగే అడగండి.

ఎన్ని కాపీలు? ఆఫ్‌సెట్‌లో 14 ఫారాలకి రెండు వైపులా కలిపి 28 ప్లేట్లు. వంద కాపీలకైనా వెయ్యికైనా అన్నే. 18×23 అంగుళాల షీటు ఒకటి ఒక ఫారం కాబట్టి 500 కాపీలకి 7,000 షీట్లు, అంటే 14 రీములు, వేస్టేజీ అదనం. వంద, నూటయాభైతో మొదలుపెట్టేవాళ్లు ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ ప్రింటింగే అడగాలి. ఒక్కో కాపీ పావుకిలో పైచిలుకు తూగుతుంది, 500 అంటే దాదాపు 130 కిలోలు. అవి మంచం కిందికి పోతే చెదల పాలే, చెక్క మీద గోడకి జానెడు ఎడంగా పెట్టాలి.

ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) షాపు డబ్బు అడిగితే అది వాళ్ల శ్రమకే. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆ నంబరు ఉచితంగానే ఇస్తుంది, రచయితే ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 1964 ప్రవర్తనా నియమాల్లో 15వ నియమం, ఆఫీసు పనికి ఇబ్బంది లేనంతవరకు అప్పుడప్పుడూ చేసే సాహిత్య పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదంటుంది. రాష్ట్ర ఉద్యోగులు, బ్యాంకువాళ్లు తమ నియమాలు చూసుకుని, అనుమానముంటే కాగితం మీద అడగాలి.

కట్టలు వచ్చాక చివరి బిల్లు కట్టేముందు పది కాపీలు వేర్వేరు కట్టల్లోంచి లాగి చూడండి. ఫారాలు మారే చోట్లు, అంటే 16–17, 32–33, అలా 208–209 దాకా పేజీ నంబర్లు చదవండి. ఫారాలు పేర్చేవాళ్ల చేతిలో 13వది రెండుసార్లు పడి, 14వది పడని కాపీ ఒకటి వచ్చిందంటే అందులో 193 నుంచి 208 దాకా రెండుసార్లు ఉంటాయి, 209 నుంచి ఏమీ ఉండదు. హంతకుడు దొరకని ఆ కాపీ సాధారణంగా మీ ఆఫీసరు చేతికే వెళ్తుంది.